యాభై రూపాయల జాలి

కార్వేటినగరంలో సర్కస్ డేరా వేయాలంటే ఎన్ని గడపలు తొక్కాలి? పంచాయతీ, పోలీసులు, ఫైరు, కరెంటోళ్లు. అందరికీ ముందు వరస పాసులు. సార్లు పిల్లాజెల్లాతో దిగబడి చప్పట్లు కొడతారు. డేరా వెనక్కి తొంగిచూసే సారు మాత్రం ఎవరు?

వెనకేముంది? లారీ పక్కన ఎండలో ఒంటె. ముందరి కాళ్లకు బంధం. తాడు ఒరిసి బొచ్చూడిన చోట ఈగలు. నీళ్ల బకెట్ ఉంది, మూతికి అందనంత దూరంలో. ఆట వేళకు మాత్రం మెడలో పూసలు, నెత్తిన కుచ్చు. ఏం వైభోగమప్పా!

చట్టాలు లేవా? లేకేం, మూటలకొద్దీ! పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి. వీటిని ఆడించొద్దని 1998లో కేంద్రం ఉత్తర్వు. 2001లో సుప్రీంకోర్టు సరేనంది. సర్కస్ సింహాలను తిరుపతి ఎస్వీ జూ రక్షణ కేంద్రానికి తోలారు. అడవిలో బతకలేవు. సంకరజాతి గనక సంతానమూ వద్దన్నారు. వయసంతా డేరాకు, ముసలితనం సర్కారుకు. లాభం తిన్నోడు మాత్రం హాయిగా పోయాడు.

మరి గుర్రం, ఒంటె, కుక్క? వాటికి 2001 నిబంధనలున్నాయి. సహజ స్వభావానికి తగిన ఆటే నేర్పాలట. కుక్క రెండు కాళ్ల మీద గంతులేయడం ఏ స్వభావమో రాసినోళ్లే చెప్పాలి!

ఇక శిక్ష. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కొట్టినా, మాడ్చినా, కదల్లేని బోనులో కుక్కినా నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అక్షరాలా యాభై! నలుగురికి టీ, బజ్జీ కూడా రావు. మూగజీవి ఒళ్లు చీరేయడానికి ఇంతకంటే చవక లైసెన్సు ఎక్కడైనా ఉందా?

2022లో సవరణ ముసాయిదా తెచ్చారు. అభిప్రాయాలు చెప్పమన్నారు. జనం చెప్పారు. ఆ తర్వాత? గురక!

ఆ చట్టం పుట్టిననాడు ఎంపీ నెల జీతం 400 రూపాయలు. ఇప్పుడు 1,24,000. ధరలు పెరిగాయన్న సంగతి ఢిల్లీకి తెలియదని ఎవరన్నారు? తమ జేబుకు తెలిసింది, ఒంటె వీపుకే తెలియలేదు.

సరే, ఒక్క పని చేద్దాం. జరిమానా పెరిగేదాకా ఎంపీల జీతమూ 400కే దించుదాం. సవరణ బిల్లు మర్నాడు పొద్దున్నే పాసవుతుంది. అదీ ఏకగ్రీవంగా, బల్లలు చరిచి మరీ!