ప్యాచ్ వచ్చింది, నా దాకా రాలేదు
(ఒక జేక్యూ కాపీ ఆత్మకథ)

నా పేరు జేక్యూ. జేసన్ రూపంలో వచ్చే డేటాలోంచి కావలసిన ముక్కను ఏరి ఇవ్వడం నా పని. నన్ను స్టీఫెన్ డోలన్ సీ భాషలో రాశారు, 2012లో లోకానికి ఇచ్చారు. నేను 2015 ఆగస్టులో విడుదలైన 1.5 వెర్షన్ కాపీని. బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్ తూర్పు కొసన కాడుగోడిలో రైలెక్కి, పట్టందూరు అగ్రహారంలో దిగి ఐటీపీఎల్ టెక్ పార్కు వైపు నడిచే ఉద్యోగుల్లో చిత్తూరు, అనంతపురం, నెల్లూరు వైపు వాళ్లు చాలామందే ఉంటారు. అలాంటి ఇంజనీర్లు పనిచేసే ఒక ఆఫీసులో నన్ను నేరుగా డౌన్‌లోడ్ చేసి ఒక కంటైనర్ ఇమేజ్‌లో పెట్టారు. ఆ ఇమేజ్ నుంచి కొత్త సర్వర్ లేచిన ప్రతిసారీ నేనూ లేస్తాను. లాగ్ ఫైళ్లు, పేమెంట్ల వివరాలు, క్లౌడ్ నుంచి వచ్చే జవాబులు అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. ఆ పని మీద నాకు గర్వం ఉంది. అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి: సోర్స్ కోడ్‌లో తప్పు దిద్దినంత మాత్రాన మరమ్మతు అయిపోయినట్టు కాదు. నడుస్తున్న కాపీని మార్చిన రోజే అది పూర్తవుతుంది.

నాలో ఉన్న లోపం ఏమిటో చెబుతాను. జేసన్‌లో ఒక సంఖ్య కనిపిస్తే దాని అంకెలను ఒక్కొక్కటిగా బఫర్‌లో పేర్చుకుంటాను. మొదట 256 బైట్ల చోటు తీసుకుంటాను, అది నిండితే ఇంకా పెద్ద చోటు అడుగుతాను. అంకెలు అయిపోయాక, ఇక్కడితో ముగిసింది అని చెప్పడానికి చివర ఒక సున్నా బైటు పెట్టాలి. సంఖ్య సరిగ్గా 256 బైట్లు నింపితే ఆ సున్నాకు చోటు మిగలదు. అయినా నేను పెడతాను. అది నాకిచ్చిన చోటు దాటి 257వ గడిలో పడుతుంది. ఆ గడి ఎవరిదో, అందులో ఏముందో నాకు తెలియదు. గట్టు తెగిన మడి నీళ్లు పక్క మడిలోకి పోయినట్టు, నా రాత ఇంకొకరి మెమరీలోకి పోతుంది. సీ భాష నన్ను ఆపదు. హద్దు చూసుకునే బాధ్యత రాసేవాళ్లదే అన్నది ఆ భాష మొదటినుంచీ పెట్టుకున్న నియమం. బయటపడిన భద్రతా లోపాల జాబితాలో దీనికి సీవీఈ-2015-8863 అని నంబరిచ్చారు.

దిద్దుబాటు చాలా చిన్నది. బఫర్ పూర్తిగా నిండాక పెంచే బదులు, ఇంకా ఒక గడి మిగిలి ఉండగానే పెంచమని షరతు మార్చారు. ఆ మార్పు 2015లోనే సోర్స్‌లో చేరింది. కానీ దాన్ని కలుపుకున్న తర్వాతి వెర్షన్ 1.6 వెలువడింది 2018 నవంబర్‌లో. ఆ తర్వాత 1.7 కోసం 2023 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. దీనికి నేను మెయింటైనర్లను నిందించను. జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు నన్ను చూసుకున్నవాళ్లు వాళ్లు. 2023లో కొత్తవాళ్లు ముందుకొచ్చి ప్రాజెక్టును వ్యక్తి ఖాతా నుంచి ఉమ్మడి ఖాతాకు మార్చాక విడుదలలు మళ్లీ కదిలాయి. కోట్ల రూపాయల పనులు నా మీద నడుపుకుంటూ, నన్ను చూసుకునేవాళ్లకు ఒక పూట సాయం కూడా చేయని కంపెనీల మీదే నా ఫిర్యాదు.

ఉబుంటు 18.04లో ఉన్న నా తోబుట్టువు వెర్షన్ కూడా 1.5 అనే చూపిస్తుంది. కానీ డెబియన్ వాళ్లు పాత వెర్షన్ మీదే ఈ దిద్దుబాటును కలిపి ప్యాకేజీ కట్టారు, ఉబుంటు ఆ ప్యాకేజీనే తీసుకుంది. ఒకే ఏడాది పుట్టాం, ఒకే నంబరు మోస్తున్నాం. వాడు గట్టున పడ్డాడు, నేను పడలేదు. కారణం ఒక్కటే. వాడు ప్యాకేజీ మేనేజర్ లెక్కలో ఉన్నాడు, నేను ఏ లెక్కలోనూ లేను. డౌన్‌లోడ్ చేసి ఇమేజ్‌లో పడేసిన ఫైలుకు అప్‌డేట్ దానంతట అది రాదు. నన్ను పెట్టిన మనిషి ఉద్యోగం మారి వెళ్లిపోతే, నేనున్నానన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలని చాలామంది అడుగుతారు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కొత్త వెర్షన్లు కొత్త లోపాలు తెచ్చిన మాట నిజం. 1.7లో ఒక హీప్ బఫర్ లోపం దొరికింది. 1.8.0లో, విడిచిపెట్టేసిన మెమరీని తేదీలకు సంబంధించిన ఒక ఫంక్షన్ మళ్లీ తాకుతోందని తేలింది. అయితే మొదటిది 2023 డిసెంబర్‌లో 1.7.1తో పోయింది. రెండోది 2025 జూన్‌లో వచ్చి జులైలో 1.8.1తో పోయింది. అంటే కొత్త వెర్షన్ మీద కళ్లున్నాయి, దాని తప్పు దొరికితే దిద్దే చేతులున్నాయి. నా తప్పు ఏ ఫైల్లో, ఏ ఫంక్షన్‌లో ఉందో ఏళ్లుగా ప్రపంచమంతా చదువుకోవచ్చు. దాడి చేయదలచినవాడికి తెలిసిన సంగతి, నన్ను నడిపేవాడికి మాత్రం తెలియదు.

ఇది సర్వర్ కాదు, కమాండ్‌లైన్ పనిముట్టే కదా, మన డేటానే కదా ఇస్తున్నాం అనేది ఇంకొక వాదన. నాకు అందే డేటాలో మీరు రాసింది ఎంత? బయటి ఏపీఐ ఇచ్చిన జవాబును పైపు పెట్టి నాకు పంపుతారు. లాగ్‌లో యూజర్ బ్రౌజర్ పంపిన మాటలుంటాయి. బయటి డేటాలో ఎలాంటి సంఖ్య వస్తుందో చెప్పలేం. 1.7.1 వరకు వచ్చిన వెర్షన్లలో, అర్రేలో 2147483647 అనే ఇండెక్స్ దగ్గర విలువ పెట్టబోతే, దానికి ఒకటి కలిపే లెక్క హద్దు దాటిపోయేది. అంత సంఖ్యను మామూలు మనిషి వాడడు, నిజమే. లోపం వెతికేవాడు మాత్రం మొదట ప్రయత్నించేది అలాంటి సంఖ్యనే.

నా లోపాల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది ప్రోగ్రామ్ కుప్పకూలడమే, అంతకన్నా పెద్ద నష్టాన్ని నేను కల్పించి చెప్పను. కానీ అర్ధరాత్రి నడవాల్సిన లెక్కలు మధ్యలో ఆగడం చిన్న నష్టమూ కాదు. పైగా మెమరీ హద్దు ఒకసారి దాటాక ఏం జరుగుతుందో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం హద్దు దాటి చదవడం మాత్రమే చేసింది. దాంతోనే సర్వర్ల రహస్య తాళాలు బయటపడే పరిస్థితి వచ్చింది.

సీ భాషనే వదిలేయాలనేవాళ్ల మాటలో బలం ఉంది. తమ ఉత్పత్తుల్లో సీవీఈ నంబరిచ్చిన లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి చెందినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడును రస్ట్ వంటి భాషల్లో రాయడం పెరిగాక, ఈ రకం లోపాల వాటా 2019లోని 76 శాతం నుంచి 2024కి 24 శాతానికి తగ్గిందని గూగుల్ ప్రకటించింది. నా పని చేసే గోజేక్యూ గో భాషలో ఉంది, జాక్ రస్ట్‌లో ఉంది. వాటిని నేను మనసారా స్వాగతిస్తాను. కానీ అవి పుట్టినంత మాత్రాన నేను డిస్కుల మీద నుంచి మాయమైపోను. కొత్త భాష రేపటి కోడును కాపాడుతుంది, ఇవాళ నడుస్తున్న పాత కాపీని మార్చాల్సింది మనిషే.

కాబట్టి నన్ను వాడేవాళ్లకు నా విన్నపం ఇది. మీ ఇమేజ్‌లలో ఏయే పనిముట్లున్నాయో, ఎక్కడి నుంచి వచ్చాయో జాబితా రాసి పెట్టుకోండి. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇలాంటి జాబితానే కోరుతున్నాయి. నన్ను చేత్తో తెచ్చి పెట్టకండి, ప్యాకేజీగా పెట్టండి. ఇమేజ్‌లను క్రమం తప్పకుండా కొత్తగా కట్టండి. వెర్షన్ మార్చేముందు మీ స్క్రిప్టులను మీ డేటా మీదే పరీక్షించుకోండి. వీలైతే నన్ను చూసుకునేవాళ్లకు ఒక టెస్ట్ రాసి పంపండి. నన్ను తీసేసి ఆ చోట దిద్దిన వెర్షన్ పెడితే నాకేమీ బాధ ఉండదు. అది ఇవాళే చేయండి.