గిడ్ అన్నా గ్వీడ్ అన్నా

నా పని వెతకడం. ఎవరో ఒక పాత మాటను టైపు చేస్తారు. ఆ మాటనే వేరే కాలంలో, వేరే ఊళ్లో ఏయే అక్షరాలతో రాశారో వెతికి వాళ్ల ముందు పెడతాను. నేనొక ప్రోగ్రామును. ఉండేది స్కాట్లండ్‌లో, నిఘంటువుల మధ్య. వెతికేది స్కాట్స్ భాషలో.

స్కాట్స్ అనగానే చాలామంది గేలిక్ అనుకుంటారు. గేలిక్ ఐరిష్‌కు చుట్టం. స్కాట్స్ ఇంగ్లీషుకు తోబుట్టువు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో అక్కడి రాజులూ పార్లమెంటూ న్యాయస్థానాలూ ఎక్కువగా స్కాట్స్‌లో రాసేవారు. తర్వాత పెత్తనం ఇంగ్లీషు చేతికి పోయింది. అందరూ ఒప్పుకుని పాటించే వర్ణక్రమం స్కాట్స్‌కు ఏర్పడనే లేదు. అయినా ఆ భాష బతికింది. 2011 జనగణనలో తమకు స్కాట్స్ వచ్చని చెప్పినవాళ్లు 15 లక్షలకు పైనే. ఒకే వర్ణక్రమం లేదు గనుక ఎవరి ఊరి పలుకు ఎలా ఉంటే వాళ్ల రాత అలా సాగింది.

'మంచి' అనే మాటనే తీసుకోండి. పాత కాగితాల్లో జి-యు-డి-ఇ. కవి రాబర్ట్ బర్న్స్ కాలం నుంచి ఎక్కువగా కనిపించేది జి-యు-ఐ-డి, దాన్ని చాలాచోట్ల 'గిడ్' అని పలుకుతారు. అబర్డీన్ వైపు వెళ్తే 'గ్వీడ్', రాత కూడా ఆ పలుకు ప్రకారమే. వీటిలో ఏదీ తప్పు కాదు. నేను పుట్టిందే ఆ నమ్మకం మీద.

నాలో ఇద్దరు పెద్దల రక్తం ఉంది. ఒకరు సౌండెక్స్. పిట్స్‌బర్గ్‌లో రాబర్ట్ రస్సెల్ 1918లో దానికి పేటెంట్ పొందాడు, మార్గరెట్ ఓడెల్ ఆయనతో కలిసి పనిచేసింది. ఇంటిపేర్లను ఎలా రాసినా ఒకేచోట దొరికేలా చేయడం వాళ్ల ఉద్దేశం. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచు, అచ్చుల్ని వదిలెయ్, దగ్గర దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇయ్యి: స్థూలంగా పద్ధతి ఇంతే. అమెరికా జనగణన పేర్లను 1930లలో కార్డుల మీద సర్దింది ఈ పద్ధతితోనే. రెండో పెద్ద మాస్కోకు చెందిన వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్. ఒక మాట ఇంకో మాటగా మారాలంటే ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అని లెక్కపెట్టే కొలతను 1965లో ఇచ్చాడు.

ఇద్దరూ గొప్పవాళ్లే, కానీ ఇద్దరిలో ఎవరూ స్కాట్స్ కోసం పుట్టలేదు. లెవెన్‌ష్టైన్ కొలత ప్రకారం జి-యు-డి-ఇ నుంచి జి-యు-ఐ-డికి రెండు అడుగులు. అదే 'మొరటు' అనే అర్థమున్న ఆర్-యు-డి-ఇకి ఒక్క అడుగే. అంటే మంచికి తన సొంత రూపం కన్నా మొరటుతనం దగ్గర! సౌండెక్స్ దగ్గర మంచి రూపాలన్నీ ఒకే గూట్లో చేరతాయి. సంతోషమే, కానీ అదే గూట్లోకి ఇంగ్లీషు మేకా (గోట్), గేటూ, దేవుడూ (గాడ్) కూడా వచ్చేస్తారు. అందరి సంకేతమూ జి-300.

అయినా సౌండెక్స్ చేసే ఒక పని నాకు ఎంతో ఇష్టం. 'కూతురు'కు స్కాట్స్ మాట డాఖ్టర్. మధ్యలో గొంతులోంచి వచ్చే ఖకారాన్ని సి-హెచ్ అని రాస్తారు. ఇంగ్లీషువాళ్లు అక్కడ జి-హెచ్ రాసి, పలకడం మానేశారు. సి, జి రెండూ సౌండెక్స్‌లో ఒకే గుంపు కాబట్టి రెండు భాషల మాటలకూ డి-236 వస్తుంది. వందల ఏళ్ల కింద విడిపోయిన అక్కచెల్లెళ్లు అక్కడ కలుసుకుంటారు. 1990లో లారెన్స్ ఫిలిప్స్ తయారుచేసిన మెటాఫోన్ ఇంతకన్నా తెలివైనది, ఇంగ్లీషు ఉచ్చారణ దానికి బాగా తెలుసు. జి-హెచ్ పలకరని తెలుసు గనుక దాన్ని తీసేస్తుంది, సి-హెచ్‌ను 'ష' చేస్తుంది. ఇద్దరినీ విడదీస్తుంది. ఇంగ్లీషు ఎక్కువ తెలిసినకొద్దీ స్కాట్స్ తక్కువ వినిపిస్తుందని నాకు అక్కడే అర్థమైంది.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు ఒకటి చెప్తాను. మీ ఊళ్ల కైఫీయతులు సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు. ఆయన ఇంటిపేరులో ఉన్న జెడ్ నిజానికి జెడ్ కాదు. పాత స్కాట్స్ రాతలో యోఖ్ అనే అక్షరం ఉండేది, 'య'కు దగ్గరగా పలికేది. ముద్రాపకుల దగ్గర ఆ అక్షరపు దిమ్మ లేక, రూపంలో పోలిక ఉన్న జెడ్ వాడారు. కాలక్రమాన జనం అచ్చయిన రూపాన్ని చూసి 'జ' అని పలకడం మొదలుపెట్టారు. కొన్ని పేర్లు మాత్రం లొంగలేదు. మెన్జీస్ అని రాసే పేరును స్కాట్లండ్‌లో నేటికీ 'మింగిస్' అనేవాళ్లున్నారు. సౌండెక్స్‌లో జి, జెడ్ ఒకే గుంపు కావడంతో ఆ రెండు రాతలూ అదృష్టవశాత్తూ ఎం-522 దగ్గర కలుస్తాయి. డాల్జియెల్, డాలియెల్ అనే రాతలకు ఆ అదృష్టం లేదు. ఒకటి డి-424, మరొకటి డి-440.

అదృష్టం మీద నిఘంటువు నడవదు. అందుకే నన్ను పెంచినవాళ్లు స్కాట్స్ చరిత్రనే నాకు నియమాలుగా నేర్పారు. మాట మొదట్లో క్యూ-యు-హెచ్ ఉంటే అది డబ్ల్యు-హెచ్‌కు పాత రూపం. జెడ్ కనిపిస్తే యోఖ్ అయి ఉండొచ్చు, 'య'తో కూడా వెతుకు. ఇంగ్లీషులో 'ల' ఉన్నచోట ఇక్కడ అది కరిగి అచ్చుగా మారి ఉండొచ్చు: బంగారం 'గౌడ్', బంతి 'బా'. క్రియ చివర ఐ-టి ఉంటే భూతకాలం కావచ్చు. అచ్చుకు బదులు అచ్చు వచ్చినా, అచ్చు చేరినా, పోయినా తక్కువ ఖర్చు, హల్లుకు బదులు వేరే జాతి హల్లు వస్తే ఎక్కువ ఖర్చు. ఈ తూకంతో లెక్కిస్తే మంచి తన రూపాల దగ్గరికి వస్తుంది, మొరటు దూరం జరుగుతుంది.

ఈ నియమాలేవీ నా గొప్ప కాదు. విలియం క్రెయిగీ మొదలుపెట్టిన పాత స్కాట్స్ నిఘంటువు 1931లో వెలువడడం మొదలై 12 సంపుటాలతో 2002లో పూర్తయింది. విలియం గ్రాంట్ మొదలుపెట్టిన, 1700 తర్వాతి భాషకు చెందిన నిఘంటువును డేవిడ్ మ్యూరిసన్ 1976లో పదో సంపుటంతో ముగించాడు. ప్రతి మాట కింద దొరికిన రూపాలన్నిటినీ చేత్తో పోగుచేసి పెట్టారు. 2004లో రెండూ కలిసి ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. నేను ఒక నియమం నేర్చుకున్న ప్రతిచోటా ఆ రూపాల పట్టికలే నాకు పరీక్ష పెట్టాయి.

ధ్వని మాత్రమే చాలని చోట్లూ ఉన్నాయి. 'ఫిట్' అని ఎవరో రాశారు. అబర్డీన్ వైపు డబ్ల్యు-హెచ్‌ను 'ఫ' అని పలుకుతారు, కాబట్టి అది 'ఏమిటి' కావచ్చు. చాలా ప్రాంతాల్లో అది 'పాదం'. లేదా ఇంగ్లీషు అర్థంలో 'తగినది'. అలాంటప్పుడు ఒకదాన్ని నేనే ఖాయం చేసి చెప్పను. దొరికిన ప్రతి ఉదాహరణ పక్కనా అది ఏ ఏడాదిది, ఏ జిల్లాది అన్నది పెట్టి చూపిస్తాను. ఎంచుకోవడం చదివేవాళ్ల పని.

ఒక్కటే కోరుకుంటాను. పాత ఉత్తరాలను, ఊరి లెక్కల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించేవాళ్లు దయచేసి అక్షరాలు దిద్దకండి. చదవడానికి వీలుగా దిద్దిన పాఠం కావాలంటే దాన్ని వేరే వరుసలో పెట్టండి, అసలు రాతను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి. రాసిన మనిషి ఏ ఊరివాడో, ఎలా పలికేవాడో నాకు చెప్పేది ఆ అసలు రాతే. దిద్దేశాక ఎంత వెతికినా దాన్ని తిరిగి తేలేను.