గాలం రాయుళ్ల పోస్ట్‌మార్టం

ఇంగ్లండ్‌లో చెరువు గట్టున చేపను పైకి తీశాక జరిగే తంతు చూసి తీరాలి. అక్కడివాళ్లు కామన్ కార్ప్ అని పిలుచుకునే మన బంగారుతీగను మెత్తటి పరుపు మీద పడుకోబెడతారు. బరువు తూస్తారు, ఎత్తుకుని ఫొటో దిగుతారు, ఆపైన తిరిగి నీళ్లలోకి వదిలేస్తారు. ఈలోగా దాని ఒంటి మీద ఎక్కడో ఒక గీత కనిపిస్తుంది. అంతే, గాలం రాయుడు డిటెక్టివ్ అవతారం ఎత్తుతాడు. నీటికుక్క కొరికిందంటాడు. కాదంటే నీటికాకి పొడిచిందంటాడు. క్షణం క్రితం దాని పెదవి నుంచి తను ఊడబీకిన ఇనుప ముల్లు మాత్రం అనుమానితుల జాబితాకే ఎక్కదు.

చేప గాయాలను చదవడం నిజానికి మంచి విద్యే. పైక్ చేప అడ్డంగా కరుచుకుంటుంది కాబట్టి రెండు పక్కలా పంటి గాట్లు పడతాయి. నీటికాకి ముక్కు కొస వంపు తిరిగి ఉంటుంది, అది తగిలిన చోట చర్మం గీరుకుపోతుంది. నారాయణ పక్షిది ఒకటే పోటు, అదీ కాళ్లు ఆనే లోతులోనే. నీటికుక్క గొంతూ మొప్పలూ పట్టుకుంటుంది. తప్పించుకున్న చేపకు తోకో రెక్కో చిరుగుతుంది. అసలు ఎవరూ దాడి చేయకుండానే దెబ్బలు తగలొచ్చు. గుడ్లు పెట్టే రోజుల్లో చేపలు నాచులో పొర్లి పొలుసులు రాల్చుకుంటాయి, చేప పేను కుట్టిన చోట ఎర్రమచ్చ లేస్తుంది.

మరి చిరిగి, మాని, మళ్లీ చిరిగిన పెదవి? మిగతా ఒళ్లు ముట్టకుండా పెదవి ఒక్కటే చీల్చి పోయే వేటజీవి లోకంలో ఒకటే ఉంది. ఇంగ్లండ్‌లో దానికి లైసెన్సు కూడా ఇస్తారు.

పీటర్‌బరో దగ్గర బ్లూబెల్ చెరువుల్లో బెన్సన్ అనే బంగారుతీగ ఉండేది. వీపు రెక్కలో సిగరెట్‌తో కాల్చినట్టు ఒక చిల్లు ఉండేదనీ, అందుకే సిగరెట్ బ్రాండు పేరు పెట్టారనీ చెబుతారు. సుమారు 29 కిలోల ఆ మహాకాయం 2009లో చనిపోయేనాటికి 63 సార్లు గాలానికి చిక్కిందని పత్రికలు రాశాయి. రెక్కలో ఒక్క చిల్లుకు నామకరణం జరిగింది, నోటికి పడిన అరవై మూడు పోట్లకు మాత్రం ముద్దుపేరు కూడా దక్కలేదు! చనిపోయాక దేశదేశాల్లో సంతాప వార్తలు వచ్చాయి. అనుమానం ఎరగా వాడే టైగర్ నట్స్ మీదికి పోయింది. గాలం ఊసు ఆ విచారణలోనూ పెద్దగా రాలేదు.

గాలం రాయుళ్లకు మనస్సాక్షి లేదనలేం. చేపకు పూయడానికి యాంటీసెప్టిక్ సీసాలు అమ్ముతారు, కొంటారు. గుచ్చడం, కట్టు కట్టడం, వదలడం, వారం తిరక్కుండా ఇంకొకరు గుచ్చడం. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు చేప సంరక్షణ. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు పోయి బూజు పడుతుందని తెలిసినవాళ్లు చేతులు తడుపుకుంటారు, అదొక్కటీ మెచ్చుకోవాలి.

నీటికుక్క నిర్దోషి అని కాదు. చలికాలంలో మందగించిన పెద్ద బంగారుతీగను అది చంపగలదు, చంపుతుంది కూడా. వేల పౌండ్లు పోసి చేపలు తెచ్చుకున్న యజమానికి అది నిజమైన నష్టమే. కానీ కథలో ముందు భాగం కూడా చెప్పాలి కదా. పొలాల్లో చల్లిన డీల్డ్రిన్ లాంటి పురుగుమందుల వల్ల 1970ల నాటికి ఇంగ్లండ్ నదుల్లో చాలాచోట్ల నీటికుక్క మాయమైంది. 1978లో చట్టం రక్షణ ఇచ్చింది. 2011కి అన్ని కౌంటీల్లోనూ మళ్లీ జాడ దొరికింది. ఆ మధ్యకాలంలోనే మనుషులు చెరువులను బలిసిన చేపలతో కిక్కిరిసేలా నింపుకున్నారు. బంగారుతీగ మధ్యయుగాల్లో బయటినుంచి తెచ్చిన చేప; నీటికుక్క ఆ నేల బిడ్డ. ఊరి నుంచి వెళ్లగొట్టిన మనిషి తిరిగొస్తే చొరబాటుదారు అన్నట్టుంది వ్యవహారం. కంచె వేసుకోమంటే ఖర్చంటారు. చేపలు పడని రోజున నేరమంతా నీటికుక్క మీదా నీటికాకి మీదా పెట్టి ఇంటికి పోతారు.

స్విట్జర్లాండ్‌లో, తిరిగి వదిలేద్దామనే ఉద్దేశంతో చేపలు పట్టడం నిషేధం. పట్టాలనుకుంటే తినడానికే పట్టాలి. ఇంగ్లండ్ గట్ల మీద ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నది నీటికుక్కే.