ఛాయాదేవికి చోటేది?

పార్కుల సంగతి వస్తే పావగడ తాలూకాను చిన్నచూపు చూసే హక్కు బెంగళూరువాళ్ళకు లేదు. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్, ఇన్నేళ్ళు పెంచుకుంటూ వచ్చినా, 240 ఎకరాల దగ్గర ఆగిపోయింది. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు వగైరా అయిదూళ్ళ పొలాల్లో 2018 మార్చి 1న ప్రారంభమైన మన శక్తిస్థల సోలార్ పార్కు 13 వేల ఎకరాలు. అందులో లాల్‌బాగ్‌లు యాభైనాలుగు పట్టగా, స్కూటర్లు నిలుపుకోవడానికి ఇంకో 40 ఎకరాలు మిగులుతాయి. 2,050 మెగావాట్ల పార్కులో షికారు చేశామని చెప్పుకునే యోగం ఎందరికుంటుంది? చిక్కల్లా ఒక్కటే, కంచె దాటనివ్వరు. రోడ్డు వెంబడి నడవొచ్చు, ఎవరూ వద్దనరు. అటు కంచె, ఇటు కంచె, నెత్తిన సూర్యుడు. డాక్టరు నడవమన్నాడని అక్కడ మధ్యాహ్నం నడిస్తే, సాయంత్రం ఆ డాక్టరు దగ్గరికే మోసుకుపోవాలి.

ఇందులో ఒక కుటుంబ తగాదా కూడా ఉంది. పావగడ పేరు చెబితే చుట్టుపక్కల జిల్లాలవాళ్ళకు మొదట గుర్తొచ్చేది శనిమహాత్ముడి గుడి. శని సూర్యుడి కొడుకు, తల్లి ఛాయాదేవి. కొడుక్కి టౌనులో గుడి కట్టాం, శనివారం శనివారం జనం కిటకిటలాడతారు. తండ్రికి 13 వేల ఎకరాలు కౌలుకిచ్చాం. తల్లికి మాత్రం కూర్చోను బెంచీ చూపించలేకపోయాం. తాలూకాలో నీడే లేదనడం అన్యాయం. ఇంత నీడ ఇక్కడ ఏ రాజు కాలంలోనూ లేదు, ఎకరాలకెకరాలు పలకల కింద పరుచుకుని ఉంది. అనుభవించేవి తొండలు. అందుకే నేననేది, పార్కును ఎకరాలతో కొలవకూడదు, మెగావాట్లతో అసలే కొలవకూడదు. మిట్టమధ్యాహ్నం ఎంతమంది ముసలివాళ్ళు అందులో కునుకు తీయగలరో లెక్కబెట్టాలి. టౌనుకు కావలసింది అలాంటి అయిదెకరాలు. అందులో మొదట నీడ, తర్వాత బొమ్మలు, ఆ తర్వాతే గులాబీలు. మన దేశంలో సాధారణంగా ఈ వరస తిరగబడుతుంది. మొదట శంకుస్థాపన పలక, తర్వాత ఆర్చీ, ఆపైన తాళం.

సోలార్ పార్కు మీద నాకు కడుపుమంట అని ఎవరైనా అనొచ్చు. లేదు. వేరుశనగ వేసి ఆకాశంకేసి చూసే రైతుకు ఎకరాకు ఏటా 21 వేల కౌలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు అని కాగితం మీద రాసిచ్చారు. ఏ మేఘమూ ఇంతవరకు అలా సంతకం పెట్టలేదు. కాకపోతే ఆ చేలో కలుపు తీసే, కాయ పీకే కూలీకి కౌలు రాదు, ఇప్పుడు కలుపూ లేదు. అతనికి తీరిక పెరిగింది, కూర్చునే చెట్టు తగ్గింది. అతని పేరు చెప్పి అడిగినా అయిదెకరాలు అడగొచ్చు.

ఇక పెద్ద అభ్యంతరం నీళ్ళు. తాగడానికే గతిలేని కరువు సీమలో గులాబీలా అంటారు. న్యాయమే. కానీ దుమ్ము పట్టిన సోలార్ పలకలకూ స్నానం చేయిస్తున్నాం, వాటికి పువ్వు పూయదని తెలిసి కూడా. గులాబీకి ఎండ ఇష్టం, ఆ సరుకు మన దగ్గర అమ్ముకునేంత ఉంది. డ్రిప్పు పైపు వేసి నాలుగు మళ్ళలో నాటు గులాబీ పెడితే చాలు. మిగతా అంతా వేప, కానుగ, చింత. వాటికి మన కరువు అలవాటే. గులాబీలకు నేను మూడో స్థానం ఇచ్చింది కూడా అందుకే.

బొమ్మల దగ్గర మాత్రం రాజీ పడను. మన ఊళ్ళలో విగ్రహమంటే సర్కిల్లో గ్రిల్లు వెనక నిలబడ్డ నాయకుడు. బస్సు కిటికీలోంచి తప్ప చూడలేం, ఆగి చూస్తే వెనక లారీవాడు ఊరుకోడు. పార్కు బొమ్మ అలా కాదు, పిల్లలు ఎక్కి కూర్చున్నా కోపం రానిదై ఉండాలి. అంత డబ్బెక్కడిదని అడిగేవాళ్ళకు చండీగఢ్ చూపిస్తాను. అక్కడ 1967లో వేసిన జాకిర్ హుస్సేన్ గులాబీ తోట 30 ఎకరాలు. సర్కారు పద్ధతిగా వేసిన తోట, చక్కగా ఉంటుంది. కానీ అదే ఊళ్ళో నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టరు పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా, ఏళ్ళ తరబడి బొమ్మలు చేసి అడవిలో పేర్చాడు. సంగతి బయటపడ్డాక అధికారులు కూలగొట్టబోయారు. జనం అడ్డుపడితే 1976లో అదే రాక్ గార్డెన్‌గా తెరుచుకుంది. లె కార్బూజియే గీసిన నగరంలో జనం వేలం వెర్రిగా చూసేది అనుమతి లేని ఆ తోటనే. మనకు గాజుపెంకులు కూడా అక్కర్లేదు, పావగడ కొండ చుట్టూ గుండ్లే గుండ్లు. దగ్గరలోని లేపాక్షిలో 16వ శతాబ్దపు శిల్పులు ఒక్క గుండును చూసి ఇది ఎద్దని గుర్తుపట్టారు, అంతే. ఇవాళ్టికీ దాని ముందు ఫోటో దిగకుండా ఎవరూ కదలరు. దానికి టెండరు ఎవరు పిలిచారో ఎవరూ అడగరు.

కొండ ఉందిగా, ఎక్కి దిగితే వ్యాయామం కాదా అని ఆఖరి వాదన ఒకటుంది. అవుతుంది, మోకాళ్ళున్నవాళ్ళకు. పురసభవారికి నా విన్నపం: టౌనులో అయిదెకరాలు చూసి, ఈ వానలకే కానుగ మొక్కలు నాటండి. బొమ్మలకు పిల్లల్నే సలహా అడగండి. ప్రారంభోత్సవం చెట్లు నీడనిచ్చాక పెట్టుకుందాం, అప్పుడు షామియానా ఖర్చు కూడా ఉండదు.