చెమ్మ కనిపెట్టే డబ్బా

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరికీ తెలిసిందే. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఆ ఆకుల వ్యాపారం జోరుగా సాగుతోంది. కొనేవాళ్లు కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు. తక్కువ అద్దెకిచ్చిన సుమారు 40 లక్షల ఇళ్ల బాగోగులు చూడాల్సింది వాళ్లే. అమ్మకానికి పెట్టిన సరుకు చాంతాడంత: బూజు కడిగే మందు, బూజు పట్టదని గ్యారంటీ ఇచ్చే రంగు, గదిలో తేమెంతో గంటగంటకీ ఆఫీసుకు చేరవేసే సెన్సర్, పైకప్పు చూసొచ్చే డ్రోన్, ఏ ఇంటికి ఎప్పుడు చెమ్మ పడుతుందో జాతకం చెప్పే సాఫ్ట్‌వేర్.

లోటల్లా ఒక్కటే. ఇల్లు చెమ్మగిల్లిందని ఆ ఇంట్లో ఉండే మనిషి చెబితే నమ్మే సరుకు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

మాంచెస్టర్ పక్కనున్న రోచ్‌డేల్‌లో ఒక హౌసింగ్ సంస్థ వారి ఫ్లాట్. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం. గోడలకు బూజు పడుతోందని 2017లోనే తండ్రి చెప్పాడు. రంగేసుకోమన్నారు. వేసుకున్నాడు, బూజు మళ్లీ వచ్చింది. 2020లో లాయరును పెట్టుకుంటే, లాయర్లతో ఒప్పందం కుదిరేదాకా మరమ్మతు చేయకూడదన్న సంస్థ నిబంధన అడ్డొచ్చింది. ఆ డిసెంబరులో, రెండో పుట్టినరోజు వెళ్లిన ఎనిమిదో రోజున వాళ్ల కొడుకు అవాబ్ ఇషాక్ చనిపోయాడు. ఇంట్లోని బూజే ఆ పసివాడి ఊపిరి తీసిందని 2022 నవంబరులో మరణ కారణాలు విచారించే కరోనర్ తేల్చారు. ఆ కుటుంబం స్నానం చేసే పద్ధతి మీద కూడా అపోహలు పెట్టుకున్నామని సంస్థ తర్వాత ఒప్పుకుంది.

అపోహలు ఆ ఒక్క సంస్థవే కావు. గోడ తడిస్తే అక్కడ చాలా ఏళ్లు ఒకటే రోగనిర్ధారణ: అద్దెదారు జీవనశైలి. బట్టలు ఇంట్లో ఆరేస్తారు, గిన్నె మీద మూత పెట్టరు, కిటికీ తెరవరు. ఆరో అంతస్తు ఫ్లాట్‌లో జనవరి నెలలో బట్టలు ఎక్కడ ఆరేయాలో మాత్రం కరపత్రంలో ఉండదు. కిటికీ తెరిస్తే హీటర్ బిల్లు మోగుతుంది. మూస్తే గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. తప్పు గోడదనడం కన్నా మనిషిదనడం చవక. గోడను బాగుచేయడానికి డబ్బు ఖర్చవుతుంది, మనిషిని బాగుచేయడానికి కరపత్రం చాలు. 2021లో అద్దెదారుల ఫిర్యాదులు విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ చెమ్మ, బూజుల మీద ఇచ్చిన నివేదికకు ‘ఇది జీవనశైలి కాదు’ అని పేరే పెట్టాల్సి వచ్చింది. అందులో 26 సిఫార్సులున్నాయి.

తర్వాత అవాబ్ పేరు మీద చట్టం వచ్చింది. కౌన్సిళ్ల, హౌసింగ్ అసోసియేషన్ల ఇళ్లకు 2025 అక్టోబరు 27 నుంచి అమలు. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో చూసి ముప్పు తప్పించాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలించాలి, ఆ తర్వాత 3 పనిదినాల్లో ఏం తేలిందో రాసివ్వాలి, 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. ఇన్నాళ్లూ మరమ్మతు అడిగేవాళ్లకు ఓపికే గడువు. ఇప్పుడు మరమ్మతు చేసేవాళ్లకూ గడువు వచ్చిపడింది. అమ్మకందార్లకు పండగ.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. వ్యాన్‌లో మేస్త్రి వస్తాడు. ఫోన్‌లో పని, దాని పక్కన రేట్ల పట్టికలోని కోడు ఉంటాయి. గోడ కడగడానికో కోడు, పైపు బిగించడానికి ఇంకోటి. అతను మందు కొట్టి బూజు తుడుస్తాడు, మరక కనబడకుండా ఒక పూత, దాని మీద బూజు పట్టని రంగు వేస్తాడు. ఫొటో తీసి ‘పూర్తి’ అని నొక్కుతాడు. పై ఇంటి బాత్రూం పైపు కారుతోందని అతనికి తెలుసు, తలెత్తితే కనిపిస్తుంది. కానీ అది అతని కోడు కాదు. నెల తిరక్కుండా బూజు వస్తుంది. ఇల్లాలు మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరు, కొత్త పని. ఆవిడ డ్యూటీకెళ్లిన వేళ మేస్త్రి వచ్చాడా, తలుపు తీయలేదని చీటీ పడేసి పోతాడు. లెక్కల్లో అన్నీ సకాలంలోనే జరిగాయి.

సెన్సర్ పనికిరానిదేం కాదు. తేమ రోజుల తరబడి 70 శాతం దాటితే బూజుకు వేళయినట్టే, ఆ సంగతి ముందే తెలియడం మంచిదే. కానీ అద్దెదారు చెబితే అది ఫిర్యాదు, డబ్బా చెబితే డేటా. పైగా ఆ డబ్బా గది 14 డిగ్రీలే ఉందని కూడా చెబుతుంది. హీటర్ వేసుకోలేదన్నమాట! జీవనశైలి సిద్ధాంతం గుమ్మంలోంచి పోయి సాఫ్ట్‌వేర్‌లోంచి తిరిగొస్తుంది. హీటర్ వేయడానికి డబ్బుల్లేవన్న సంగతి కొలిచే సెన్సర్ ఎవరూ అమ్మరు.

నిజంగా పనికొచ్చేది తయారుచేయాలనుకునే కంపెనీకి ఒక ఉచిత సలహా. మేస్త్రి ఫోన్‌లో ఇంకో గడి పెట్టండి. ‘రంగు దండగ, పైపు చూడండి’ అని అతను రాయాలి, ఆఫీసులో పేరున్న మనిషి ఒకరు దానికి జవాబివ్వాలి, అప్పటిదాకా పని ‘పూర్తి’ కాకూడదు. ఖర్చు తక్కువ కాబట్టి దీనికి టెండర్ పిలవకపోవచ్చు.

చదువులకని అక్కడికి వెళ్లిన మన పిల్లలు ఎక్కువగా ఉండేది ప్రైవేటు అద్దె ఇళ్లలో. అవాబ్ చట్టాన్ని ఆ ఇళ్లకూ వర్తింపజేసే దారిని 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ వేసింది. మీవాళ్లెవరైనా అక్కడుంటే ఈ వారం ఫోన్‌లో బూజు సంగతి కూడా అడగండి. ఉందంటే ఓనరుకు నోటితో చెప్పి ఊరుకోవద్దనండి. ఫొటోతో, తేదీతో మెయిల్ పెట్టమనండి. ‘కిటికీ తెరుచుకో’ అని జవాబొస్తే దాన్నీ చెరపకుండా దాచమనండి.