బరోలో, చేపల పులుసు

ఇటలీ ఎర్ర వైన్ కొనడానికి వెళ్లి నేను చూసింది రెండే: ధర, సీసా మీది సంవత్సరం. ఎంత ఖరీదైతే, ఎంత పాతదైతే అంత గొప్ప అని నా లెక్క. దేంతో తాగుతాం, ఏ ఎండలో తాగుతాం అన్న ఆలోచనే రాలేదు. నా తెలివితక్కువతనమంతా అక్కడే ఉంది.

రాయ్‌పూర్‌లో కొన్నది బరోలో. దిగుమతి వైన్ మీద అప్పట్లో 150 శాతం కస్టమ్స్ సుంకం, ఆపైన రాష్ట్రం పన్నులు. చేతిలో ఉన్న డబ్బంతా దానికే పోయింది. పీడ్‌మాంట్ కొండల్లో పండే నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు దాన్ని. అక్కడి చట్టం ప్రకారం కనీసం 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇదంతా కంఠతా పట్టాను. పట్టినవాణ్ని, మే నెల ఎండలో, జగదల్‌పూర్, గీదం, బీజాపూర్ మీదుగా బస్సులో సీసా పైఅరలో పెట్టుకుని మా ఊరు మద్దేడ్ చేరాను. 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగాల్సిన వైన్ అది. దిగి పట్టుకుంటే సీసా వెచ్చగా తగిలింది.

ఆ పూట ఇంట్లో ఇంద్రావతి చేపల పులుసు. మా మేనమామ వచ్చాడు. ఆయన ముందున్న జీలుగు కల్లు కుండను పక్కకు పెట్టించి, "మామా, ఇది గటగటా తాగేది కాదు, రుచి చూడాలె" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

గ్లాసులో పోస్తే పలచగా, ఇటుక రంగు తిరిగి ఉంది. మోసపోయానేమో అనుకున్నాను. నెబ్బియోలో తీరే అంత, కంటికి పలచన, నోటికి గట్టి వగరు. మామ ఒక గుక్క తాగి, పులుసన్నం ముద్ద తిని, మళ్లీ గుక్క పట్టి గ్లాసు కింద పెట్టేశాడు.

"పచ్చి తునికికాయ కొరికినట్టుంది అల్లుడా. నోరు పిడచ కట్టుకపోయింది, కారం ఇంకింత మండుతాంది."

రెండు గుక్కల్లో ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వైన్‌లోని టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టేస్తాయి, అందుకే నోరు ఎండిపోతుంది. ఆల్కహాల్ మిరపకారం మంటను రేపుతుంది. పీడ్‌మాంట్‌లో బరోలోను గంటల తరబడి మగ్గబెట్టిన గొడ్డుమాంసంతో తాగుతారు. ఆ కొవ్వు, ఆ మాంసం వగరును అణుస్తాయి. మా పులుసులో ఉన్నది చింతపండు, కారం. అయినా ఆయనకే రుచి తెలియదని లోపల్లోపల అనుకున్నాను.

జీలుగు కల్లు విషయంలో ఆయన నాలుక ఎలాంటిదో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. జీలుగు చెట్టు పైనుంచి కిందికి గెల తర్వాత గెల వేసుకుంటూ వస్తుంది, చివరి గెలతో దాని ఆయుష్షు తీరిపోతుంది. ఏ చెట్టుది తియ్యన, ఏది చప్పన, తెల్లారి దించింది పొద్దెక్కేసరికి ఎంత పులుస్తుంది, అది ఏ కూరతో పోతుంది, ఇవన్నీ ఆకు డొప్ప ముక్కు దగ్గర పెట్టుకునే చెప్పేస్తాడు. అంతటి మనిషి పక్కనుండగా నేను సీసాకు అంటించిన కాగితాన్ని నమ్మాను.

పీడ్‌మాంట్ వాళ్లు కూడా రోజువారీ భోజనానికి బార్బెరా, డోల్చెట్టో తాగుతారని తర్వాత తెలిసింది. బార్బెరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. సీసా మెడ దగ్గర నల్ల కోడిపుంజు గుర్తుండే కియాంతీ క్లాసికో టమాటా వేసిన మాంసానికి బాగుంటుంది. ఎమీలియా ప్రాంతపు లాంబ్రుస్కో నురగలు కక్కుతుంది, చల్లగా తాగాలి. మా ఎండకు ఆగేది ఏదైనా ఉంటే అదే.

ఇప్పుడు చలికాలంలోనే కొంటాను. కొనేముందు మామకు ఫోన్ చేసి, ఇంట్లో ఏం కూర అని అడుగుతాను. చేపల పులుసు అంటే సీసా జోలికి పోను, పొద్దున్నే కల్లు దింపించి పెట్టమంటాను.