దాచిన నొప్పి

తెల్లవారుజామున మంచం దిగీదిగగానే మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. నడుం బిగుసుకున్నట్టుంటే ఇంకాస్త గట్టిగా వంగేవాణ్ణి, సాగదీస్తే అదే వదులవుతుందని. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఆ ఉబ్బు తగ్గకముందే ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి మామూలుకంటే బాగా ఎక్కువ పడుతుంది. లేచిన తొలి గంటల్లో వంగకుండా జాగ్రత్తపడితే పాత నడుంనొప్పి కొంత తగ్గుతుందని 1998లోనే ఒక అధ్యయనం తేల్చింది. నాకది తెలియదు. తెలియక చేసినదానికి నన్ను నేను క్షమించుకోగలను. తెలిసీ చేసినది వేరే ఉంది.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. హాఫ్‌కు పేరిచ్చాను, 21 కిలోమీటర్లు. ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు అలవాటు కావాలని ఆదివారాలు మిత్రులతో కలిసి దూరం పెంచుకుంటూ పోతున్నాం. ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా ఏదో నరం లాగడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. లాగినప్పుడల్లా మంచినీళ్ల వంకతో ఆగేవాణ్ణి. తరువాత బయల్దేరే ముందే నొప్పి మాత్ర వేసుకోవడం నేర్చుకున్నాను. చెమటకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటని చదివి కూడా వేసుకున్నాను. ఇంట్లో అడిగితే గ్యాస్ మాత్ర అన్నాను. ఆ అబద్ధం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి నడుం పట్టేసింది పరుగులో కాదు, వంటింట్లో. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను వంగి, పక్కకు తిరిగి స్టాండు మీదికి ఎత్తబోయాను. మళ్లీ నిలబడలేకపోయాను.

ఎమ్మారై రిపోర్టులో నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బిందని రాశారు. అంతవరకూ నొప్పిని లెక్కచెయ్యని మనిషిని ఆ కాగితాన్ని చూసి వణికిపోయాను. మంచం పట్టాను. కూతురి స్కూలు బ్యాగు కూడా ఎత్తలేదు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులను పోగేసి చూస్తే యాభైల్లో ఉన్నవాళ్లలో 60 శాతం మందికి ఇలాంటి ఉబ్బు ఉంటుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెబుతోంది. మంచాన పడుకున్నవాళ్లకంటే ఓర్చుకున్నంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారని ఫిన్లాండ్‌లో 1995లోనే తేలింది. ఇవేవీ వెతకలేదు. భయమే నాకు వైద్యుడైంది.

అయితే భయపడాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు అవేవీ లేవు.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. చిన్న వయసు అమ్మాయి. రిపోర్టు పక్కన పెట్టి, "క్యాన్ ఎలా ఎత్తారో చూపించండి సార్" అంది. ఖాళీ డబ్బాతో చూపించాను. వెన్నును విల్లులా వంచుతున్నానట. పిరుదులు వెనక్కి నెట్టి, మోకాళ్లు కాస్త వంచి, బరువును ఒంటికి దగ్గరగా పెట్టుకుని లేవమంది. ముందు నడక. దాంతోపాటు కెనడాకు చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు వ్యాయామాల్లో ఒకటి: చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, కుడి చెయ్యీ ఎడమ కాలూ చాచి, నడుం కదలకుండా నిలపడం. చూడ్డానికి పిల్లల ఆట. మొదటిరోజు నా ఒళ్లంతా వణికింది. ఇన్నేళ్లు కాళ్లను మాత్రమే పెంచుకున్నానని, వాటిని మోసే నడుముకూ పొట్టకూ పిరుదులకూ ఏమీ ఇవ్వలేదని అప్పుడర్థమైంది. ఆఫీసులో కుర్చీ వదలకుండా గడిపిన మధ్యాహ్నాలు కూడా ఆ లెక్కలోవే.

పరుగు మానెయ్యాలేమో అన్న బెంగ మాత్రం చాలాకాలం వదల్లేదు. ఏళ్లుగా క్రమం తప్పక పరుగెత్తేవాళ్ల డిస్కులు, కదలకుండా గడిపేవాళ్ల డిస్కులకంటే నీటితో మెరుగ్గా ఉన్నాయని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అది చదివిన రాత్రి బూట్లు మళ్లీ బయటికి తీశాను.

నడక మధ్యలో కాసేపు పరుగు, మళ్లీ నడక. నొప్పి పిక్క దాకా దిగితే ఆరోజుకు చాలు. నొప్పి కాలు వదిలి నడుము వైపు తగ్గుతుంటే మంచి సూచనే. ఈ ఆగస్టుకు పది కిలోమీటర్లకు పేరిచ్చాను. ఎక్కడ కాలు లాగితే అక్కడ ఆగిపోతానని మిత్రులకూ ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పాను.